భుజం దగ్గర మొదలుపెట్టాలి

బట్టల దుకాణం మేడమీద ఆల్టరేషన్ బల్ల దగ్గర కూర్చునే ఆవిణ్ణి అందరూ బొద్దక్క అంటారు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి, ఒళ్లు నిండుగా ఉంటుంది. కాలు అందక మిషన్ పెడల్ కింద చెక్కముక్క పెట్టుకుంది. ఎవరైనా నవ్వితే, "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్నారు. పొట్టిదానికి ఇంకో పుట్టెడు వేసుకోండి" అంటుంది.

ఆ బుద్ధులు ఉత్త కోతలు కావు. పొట్టివాళ్లు పొడుగు కుర్తా తెస్తే దర్జీలందరూ కింద అంచు కత్తిరించి చేతులు దులుపుకుంటారు. కుర్తా నడుం మాత్రం పోయి తుంటిమీద కూర్చుంటుంది, మనిషి దిండులా కనిపిస్తుంది. బొద్దక్క అంచు జోలికే పోదు, భుజం కుట్లు విప్పుతుంది. అక్కడ రెండంగుళాలు పైకి లేపి, చంక మళ్లీ తీరుస్తుంది. గంట పని. కానీ నడుం నడుం దగ్గరికి వస్తుంది.

ఊరందరి ఒళ్లకీ బట్ట కుదిర్చిన మనిషికి కన్నకూతురి దగ్గరే కుదరలేదు. పిల్ల అచ్చం తల్లి పోలిక. అందుకే కాబోలు, ఎప్పుడూ అన్న చొక్కాల్లో దాక్కునేది. ఒకసారి స్నేహితురాళ్లతో దుకాణానికి వచ్చింది. "పైన కూర్చున్నావిడ ఎవరే?" అని ఒకమ్మాయి అడిగితే, "బట్టలు కుట్టే ఆవిడ" అంది. బల్ల దగ్గరున్న బొద్దక్క ఆ మాట విన్నది. మనసు చివుక్కుమంది.

ఆ పిల్లకి సోమవారం ఉద్యోగంలో మొదటిరోజు. శనివారం మూడు కుర్తాలు కొనుక్కుని, తల్లికి చెప్పకుండా వేరే దర్జీతో అంచులు కత్తిరింపించుకొచ్చింది. అద్దంలో చూసుకుని భోరుమంది.

"నేను ఉద్యోగానికి వెళ్లను."

"నా దగ్గరికి తేవడానికి ఏం రోగమే నీకు?"

"నువ్వేం చెప్తావ్? కాకిపిల్ల కాకికి ముద్దు!"

"ముద్దే మరి! ఆ ఒళ్లు నేనిచ్చింది. తిట్టదలిస్తే ఆ కుర్తాని తిట్టు, లేదంటే నన్ను తిట్టు. ఒంటినేమీ అనకు."

అంచు ఎలాగూ పోయింది. ఇప్పుడు భుజం లేపితే కుర్తా తుంటి దాటదు. "పోతే పోనీ, టాపులు చేస్తాను" అని ఆదివారం పొద్దున్నే కూర్చుంది. భుజాలు లేపింది, గుండెల దగ్గర బట్ట ఉబ్బకుండా టక్కులు వేసింది, పక్కల చిన్న చీలికలు పెట్టింది. అదే రంగు ప్యాంట్లు తెచ్చి చీలమండ దాకా సరిచేసింది. మూడు జతలు.

సోమవారం పిల్ల ఒక జత వేసుకుని, అవునని గానీ కాదని గానీ అనకుండా వెళ్లిపోయింది. ఆ రోజు బొద్దక్క ఒకరి ప్యాంటుకి రెండు కాళ్లూ కలిపి కుట్టేసింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ జరగలేదు. తిట్టుకుంటూ విప్పుతుంటే సాయంత్రం మెట్లమీద అడుగుల చప్పుడైంది.

కూతురు. వెనకాల ఆఫీసు అమ్మాయిలు ముగ్గురు, ఒకళ్లకన్నా ఒకళ్లు పొట్టి.

"ఈవిడేనా నీ టైలర్?" అంది ఒకమ్మాయి.

"టైలరేంటి, మా అమ్మ! చూస్తే తెలియట్లా? అచ్చం నాలాగే ఉంటుంది" అంది పిల్ల, తల్లి పక్కకి వచ్చి నిలబడి.

 బొద్దక్క మెడలో టేపు తీసి, ముగ్గురినీ వరసగా నిలబెట్టింది.

"భుజాలు నిటారుగా పెట్టండమ్మా" అంది.