తెర వెనక వాయించనన్న ఆదెమ్మ

పామర్రు చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపు వస్తోందంటే ముందు క్లారినెట్ వినిపించేది, ఆ తర్వాతే పెట్రోమాక్సు దీపాలు కనిపించేవి. ఆ క్లారినెట్ ఆదెమ్మది. తండ్రి జక్కయ్యకు బ్యాండుమేళం ఉండేది. ఆయాసం వచ్చి ఆయన ఊదలేకపోయిన ఏడాది, కొడుకు జాన్‌బాబు డ్రమ్ము తప్ప ఇంకేదీ ముట్టనన్నాడు. దాంతో కూతురు క్లారినెట్ అందుకుంది. ఆడపిల్ల బుగ్గలు పూరించి వీధిలో ఊదడమేమిటని సంఘంలో పెద్దలు గొణిగితే, "మీ ఇంట్లో పెళ్ళికి నన్ను పిలవకండి," అనేది. పిలవకుండా వాళ్ళూ ఉండలేకపోయేవారు.

మద్రాసు రికార్డుల కంపెనీకి బెజవాడలో పాండురంగయ్య ఏజెంటు. గవర్నరుపేటలో రేడియోల కొట్టు ఆయనది. ఒక పెళ్ళిలో ఆదెమ్మ వాయించిన మోహన రాగం విని, తండ్రీపిల్లల్ని ముగ్గుర్నీ మద్రాసు తీసుకెళ్ళి రికార్డు చేయించాడు. ఒక వైపు మోహన, రెండో వైపు నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడుకునే వరసలు. తీరా రికార్డు వచ్చాక చూస్తే, అట్ట మీద క్లారినెట్ పట్టుకుని జాన్‌బాబు నవ్వుతున్నాడు. పేరూ అతనిదే.

"ఫొటోకి ఊరికే పట్టుకోమన్నారక్కా," అన్నాడు తమ్ముడు తల దించుకుని.

"ఆడమనిషి పేరుతో క్లారినెట్ రికార్డు ఎవరు కొంటారమ్మా? రెండో రికార్డుకి నీ పేరేయిస్తాగా," అన్నాడు పాండురంగయ్య. జక్కయ్య సర్దుకుపొమ్మన్నాడు. ఆదెమ్మ సర్దుకుంది గానీ, ఆ రికార్డు మోగుతున్న హోటల్లో కాఫీ కూడా తాగేది కాదు.

డెబ్భై నాలుగులో ఆ రికార్డుకు జాతీయ బహుమతి వచ్చింది. ఢిల్లీలో ఒక సంగీత సంస్థ వాద్య సంగీతపు రికార్డులకు ఏటా ఇచ్చేది. సంస్థవాళ్ళే బెజవాడ వచ్చి సభలో ఇస్తారట. బహుమతి తీసుకునేవాడు కాసేపు వాయించాలట. పాండురంగయ్య కారేసుకుని పామర్రు వచ్చాడు.

"స్టేజీ మీద జాన్‌బాబు కూర్చుంటాడు. వెనక తెర కడతాం. నువ్వు దాని చాటున వాయించెయ్. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది గదండీ."

"జాతీయ బహుమతమ్మా. మీ పేటకే పేరు."

"ముందు కూర్చోబెడితే వాయిస్తా. తెర వెనక మాత్రం ఊదను. అట్టయితే వాణ్ణే వాయించుకోమనండి."

"ఈ ఒక్కసారికీ కానీయవే," అన్నాడు జక్కయ్య.

"ఒక్కసారి అయిపోయింది నాన్నా. ఇది రెండోసారి."

జనాన్ని చూస్తే మెత్తబడుతుందిలే అనుకున్నాడు పాండురంగయ్య. తెర కట్టించాడు. ఆదెమ్మ సభకు వచ్చింది గానీ, తెర వైపు వెళ్ళకుండా జనంలో ముందు వరసలో కూర్చుంది. ఒళ్ళో క్లారినెట్ పెట్టె. పాండురంగయ్య కళ్ళతో బతిమాలాడు, చేత్తో పిలిచాడు. ఆమె కదల్లేదు.

స్టేజీ మీద జాన్‌బాబు, పాండురంగయ్య తెప్పించిన క్లారినెట్ నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అక్క వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. క్లారినెట్ దించి మైకు దగ్గరికి వంగాడు.

"నాకు రాదండీ. వాయించింది మా అక్క. అదుగో."

హాలంతా గొల్లున నవ్వింది. ఆదెమ్మ లేచి స్టేజీ ఎక్కింది. ముందు ఆ తెర తాడు విప్పి కింద పడేసింది. తర్వాత తమ్ముడి పక్కన కూర్చుని మోహన అందుకుంది. మొదటి వరసకే నవ్వులు ఆగాయి. వాయిస్తున్నంతసేపూ ఆమె కళ్ళలో కోపం పోలేదు.

అయినా బహుమతి చేతికందలేదు. పేరు తప్పుగా ఇచ్చారని సంస్థవాళ్ళు దాన్ని రద్దుచేసి వెళ్ళిపోయారు.

"అందరి నోట్లో మట్టి కొట్టావు," అన్నాడు పాండురంగయ్య.

"నిజం చెప్పమన్నానా నేను? అబద్ధం వాయించనన్నా. అంతే," అంది ఆదెమ్మ.

మళ్ళీ ఏ కంపెనీ ఆమెను పిలవలేదు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు ఏడిచింది, ఎవరూ చూడకుండా. ఆ తర్వాత పెద్ద డ్రమ్ము మీద 'ఆదెమ్మ బ్యాండు, పామర్రు' అని ఎర్ర రంగుతో రాయించింది. జాన్‌బాబే ఆ డ్రమ్ము మెడలో వేసుకున్నాడు.

మరుసటి వేసవిలో హనుమాన్ జంక్షన్‌లో ఒక పెళ్ళి. ఆడమనిషి ముందు నడిస్తే బాగుండదు, మగవాళ్ళ వెనక నడవమన్నారు మగపెళ్ళివారు. ఆదెమ్మ నడిరోడ్డు మీద బ్యాండు ఆపేసింది. రెండు వైపులా లారీలు నిలబడిపోయి హారన్లు మోగించాయి. చివరికి పెళ్ళికొడుకు తండ్రి చెమట తుడుచుకుంటూ వచ్చి, "నడవండమ్మా, ముందే నడవండి," అన్నాడు.

ఆదెమ్మ క్లారినెట్ మూతిలోని రీడు నాలుకతో తడుపుకుని, ముందుకు నడిచింది.