అక్వేరియంతో మా మొదటి చలికాలం

ఎండల ఊరు ప్లేనో నుంచి మంచు పడే నోవైకి మారిన కొద్ది వారాలకే మా అమ్మాయి మాట్లాడడం మానేసింది. అప్పుడు దానికి ఆరేళ్లు. మొదట స్కూల్లో మానేసింది. కొత్త చోటు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాం. తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నా కుర్తా అంచు పట్టుకుని వెనక దాక్కునేది. మంచు పడడం మొదలయ్యేసరికి మాతో కూడా తల ఊపడమే, వేలితో చూపించడమే. కారు వెనక సీట్లో అది ఆగకుండా కబుర్లు చెప్పిన పాత వీడియోలు ఫోన్‌లో పెట్టుకుని, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

"ఇది మొండితనం కాదు, భయం. బలవంతపెట్టకండి" అంది స్కూల్ కౌన్సెలర్. బలవంతపెట్టకుండా ఒక తల్లి ఇంట్లో ఎలా తిరగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు పంటి డాక్టర్ దగ్గర కూర్చున్నాం. అక్కడ గోడ పక్కన పెద్ద అక్వేరియం, లోపల పచ్చటి మొక్కలు. మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి, "అమ్మా, ఫిష్‌కి కూడా టీత్ ఉంటాయా?" అంది. నేను దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అద్దంలోంచి చేపల నోళ్లలోకి చూశాను.

ఆ వారాంతమే గాజు ట్యాంక్ కొన్నాం. మా ఆయన వీడియోలు చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. "మొక్కలు ఎక్కువ వేస్తే చాలట. నీళ్లని అవే క్లీన్‌గా ఉంచుతాయట. వారానికోసారి కాస్త నీళ్లు మార్చడమే మన పని" అన్నాడు. అడుగున మట్టి, దాని మీద ఇసుక పరిచాం. పొడుగాటి పట్టకారుతో మొక్కలన్నీ అమ్మాయే గుచ్చింది. ఎండిన చెట్టుకొమ్మ ఒకటి అడ్డంగా పెట్టింది. నీళ్లు నింపిన మర్నాడే చేపలు తెచ్చి వదిలాం.

వారం తిరక్కుండానే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడేవి. మొక్కల ఆకులు జావగా కరిగి ఇసుక మీద పడేవి. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుందనీ, దాన్ని విడగొట్టే బ్యాక్టీరియా కొత్త ట్యాంక్‌లో ఉండదనీ, అది పెరిగేదాకా ఆగాలనీ మాకు అప్పటికి తెలియదు. చేపలు ఒక్కొక్కటే పోయాయి. అమ్మాయి స్కూల్ నుంచి వచ్చేలోపు అలాంటివే తెచ్చి వేసేద్దామా అనుకున్నాను. కానీ తోక మీద చుక్క ఉన్నది ఏదో, లేనిది ఏదో దానికి తెలుసు. ఆఖరి చేప పోయిన రోజు కోటు విప్పకుండానే ట్యాంక్ ముందు నిలబడింది. తర్వాత తన చిన్న కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి తల ఊపడం కూడా తగ్గిపోయింది.

"తీసేద్దామా?" అన్నాడు మా ఆయన.

"తీసేస్తే ఇంకేం మిగులుతుంది మనకి?" అని అరిచాను. అంత గట్టిగా అరిచినందుకు నాకే భయమేసింది.

తీయలేదు. కుళ్లిన ఆకులు కత్తిరించి, నీళ్లు మార్చి, చేపలు లేకుండానే ఫిల్టర్ నడిపాం. నీళ్లు పరీక్షించే కిట్ తెచ్చాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, అమ్మోనియా ఉంటే ఆకుపచ్చగా, లేకపోతే పసుపుగా మారుతుంది. రోజూ ఆకుపచ్చే. పసుపు కోసం నేను దేవుడికి మొక్కుకున్నానంటే నవ్వుతారు. మెల్లగా అమ్మాయి కుర్చీ ఇటు తిరిగింది. రంగుల కార్డు పక్కన గొట్టం పట్టుకుని తనే పోల్చి చూసేది. మొదళ్లలోంచి కొత్త ఆకులు వచ్చాయి. పసుపు రంగు నిలకడగా వచ్చాక చిన్న టెట్రా చేపల గుంపు తెచ్చి వదిలాం. అవి బతికాయి. అమ్మాయి అద్దానికి నోరు ఆనించి వాటితో గుసగుసలాడేది. వంటింట్లో నిలబడి వినడానికి ప్రయత్నించేదాన్ని. ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. అయినా స్టవ్ కట్టేసి మరీ వినేదాన్ని.

అప్పుడే మంచువాన వచ్చింది. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పొద్దున్నే కరెంటు పోయింది. స్కూళ్లు మూసేశారు. రోడ్లన్నీ అద్దంలా గడ్డకట్టాయి. బయట ఐసు బరువుకి కొమ్మలు ఫెళ్లున విరిగిపడుతున్నాయి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ ఆగి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో మా ఊపిరి కనబడింది. ట్యాంక్‌లో హీటర్ ఆగింది, ఫిల్టర్ ఆగింది. చుట్టూ రజాయిలు కప్పాను. అగ్గిపుల్లతో గ్యాస్ వెలిగించి నీళ్లు కాచి, సీసాల్లో పోసి ట్యాంక్‌లో తేలేలా వదిలాను. గాలి అందాలని అమ్మాయి కప్పుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తూనే ఉంది. థర్మామీటర్ మాత్రం దిగుతూనే ఉంది. చేపలు కదలడం మానేసి మొక్కల మొదళ్లలో పడున్నాయి. ఇవి కూడా పోతే నా బిడ్డ ఇంక ఎప్పటికీ నోరు విప్పదు అనిపించింది. అది తప్ప ఇంకో ఆలోచన లేదు నాకు.

మా ఆయనకి ఫోన్ చేశాను. "నేనేం చేయను చెప్పు, రోడ్లు క్లోజ్ చేశారు" అన్నాడు.

అప్పుడు పక్కింట్లో జనరేటర్ మొదలైన చప్పుడు వినిపించింది. అక్కడ ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. చెయ్యి ఊపడం తప్ప ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను బూట్లు వేసుకుంటుంటే అమ్మాయి కూడా వేసుకుంది. ఒకరినొకరం పట్టుకుని జారుతూ వెళ్లి తలుపు కొట్టాం.

ఆవిడ తలుపు తీసింది. నేను ఇంగ్లీషులో క్షమించమంటూ ఏదో మొదలుపెట్టాను. జనరేటర్ హోరు ఒకటి, ఆవిడకు వినికిడి తక్కువ ఒకటి. "ఏంటీ?" అని చెవి ముందుకు పెట్టింది. మళ్లీ చెప్పబోయాను. ఏడుపు అడ్డుపడింది. చేపల కోసం ఏడుస్తున్నానని ఈవిడకి ఎలా చెప్పను?

"అవర్ ఫిష్ ఆర్ డయింగ్!" అని వినబడింది. నా పక్కనుంచే. గట్టిగా, బొంగురుగా. "దే ఆర్ సో కోల్డ్. కెన్ వి హావ్ సమ్ ఎలక్ట్రిసిటీ, ప్లీజ్?"

ఆవిడ దాని వైపు వంగింది. "ఓ, హనీ," అంటూ గరాజ్‌లోకి వెళ్లి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చింది. ఐసు మీదుగా మేం ముగ్గురం ఆ తీగ లాక్కొచ్చి, కిటికీ కొంచెం ఎత్తి లోపలికి తీసుకున్నాం. హీటర్, ఫిల్టర్ మొదలయ్యాయి.

నాలుగు చేపలు పోయాయి, మిగతావి బతికాయి. స్కూల్లో మా అమ్మాయి మాట్లాడడానికి ఆ ఏడాదంతా పట్టింది. అదీ మొదట ఒక్క స్నేహితురాలితోనే. ఇప్పటికీ కొత్తవాళ్లు వస్తే నా వెనక్కి చేరుతుంది.

తీగ లాక్కొచ్చిన ఆ సాయంత్రం మాత్రం కోట్లు వేసుకునే ట్యాంక్ ముందు నేల మీద కూర్చున్నాం. ఏ చేప ఎక్కడ దాక్కుందో, ఏది ముందు కదిలిందో అది చెబుతూనే ఉంది. నేను ఊ కొట్టలేదు. ఊ కొడితే ఎక్కడ ఆపేస్తుందోనని భయం.