మూకుడెక్కని ఆకు

పెంగ్ శున్‌మోయ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. బేపూ కొండల్లో యాభై ఏళ్లుగా టీ ఆకు వేయించిన చేతులు ఆమెవి. కోసిన ఆకు వేళకు వేడి మూకుడెక్కకపోతే అది సోమరి కొంపేనని ఆమె తీర్పు. కోడలు యుఎలాన్ ఒక్కసారి ఆలస్యం చేసినందుకు ఏడాదంతా దెప్పింది.

అలాంటి ఇంటి పెరట్లో పెరిగే చేదాకు అనే మూలిక రసం రక్త క్యాన్సర్ కణాలను పెరగనివ్వలేదని, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే ఆ ఊరి పిల్ల యాజున్ కబురు తెచ్చింది. గాజు గిన్నెలో పెంచిన కణాలే, మనుషుల్లో కాదు. అయినా శున్‌మోయ్ పొంగిపోయి, మరుసటేడు ఆకును ఇంకా శ్రద్ధగా తయారుచేసి పంపింది.

అంతే, కొంప మునిగింది. మూడుసార్లు పరీక్షిస్తే మూడుసార్లూ కణాలు నిక్షేపంగా పెరిగాయి. యాజున్ పళ్లపెట్టెతో, మొహం వేలాడేసుకుని వచ్చింది.

"అవ్వా, శుక్రవారంతో ఈ పని ఆపేయమన్నారు మా ప్రొఫెసర్. రెండేళ్ల కష్టం. కోప్పడకు, ఇది ఆ ఆకేనా?"

"నన్నే అడుగుతావా? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ దాని చేదు తింటున్నా. ఉండు, కాచిస్తా, తాగి చూడు."

పంపగా మిగిలిన ఆకునే కాచి ఇచ్చింది. యాజున్ ఒక గుక్క తాగింది.

"చేదేం లేదే. బాగుంది."

శున్‌మోయ్ గిన్నె లాక్కుని తాగింది. నిజమే, కమ్మగా ఉంది. మొదటిసారి ఇచ్చిన ఆకు, తన అత్తగారు చనిపోయిన వారంలో పొయ్యి రాజేసే తీరిక లేక అటక మీద నీడన పడేసింది. ఈసారిది, పెద్ద చదువులవాళ్లకు కదా అని, మేలురకం టీలాగా వేయించి నలిపింది.

నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆకులోనే ఏమీ లేదనుకుని ఆ పిల్ల వెళ్లిపోయేది. ఆ మాట అనడానికి శున్‌మోయ్‌కి ప్రాణం పోయినంత పనైంది, అయినా అనేసింది.

"తప్పు నాదే. వేయించి చెడగొట్టాను. ఇంకో నెల గడువడుగు. ఇవ్వనంటే నేనే వచ్చి అడుగుతా."

ప్రొఫెసర్ ఇవ్వనన్నాడు. ఆమె వెళ్లింది. ఇచ్చాడు.

కొత్తగా కోసిన ఆకు పది రోజులు అటక మీదే ఆరింది. శున్‌మోయ్ రోజూ తిరగేసింది గానీ మూకుడు ముట్టలేదు. నెల తిరక్కుండానే యాజున్ ఆమెను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. రసం వేయని గిన్నెలో కణాలు తిరనాళ్ల జనంలా కిక్కిరిసి ఉన్నాయి. వేసినదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి.

"మూడుసార్లూ ఇంతే అవ్వా. మందు కావాలంటే ఇంకా ఎన్నేళ్లో. కానీ పని ఆగదు." యాజున్ కళ్లు తుడుచుకుంది.

"గెలిచి ఏడుస్తావేమే," అంటూ శున్‌మోయ్ కూడా తుడుచుకుంది.

ప్రయోగాల పుస్తకంలో రాసిన పద్ధతికి నకలు తెచ్చి, ఇంటికి రాగానే కోడలితో చదివించింది.

"నీడన పది రోజులు ఆరబెట్టాలి, వేయించకూడదు. శున్‌మోయ్ పద్ధతి." యుఎలాన్ తలెత్తింది. "అంటే అత్తయ్యా, సోమరి పద్ధతికి మీ పేరు పెట్టారన్నమాట."

"పెట్టారు," అంది శున్‌మోయ్. "మళ్లీ చదువు. ఈసారి పక్కింటికి వినపడాలి."