గీటెల్ రోస్నర్ బాల్కనీ

మాంట్రియల్‌లో దర్జీగా పనిచేసిన గీటెల్ రోస్నర్, పిల్లలు లేనందున, తన అనంతరం ఇంటిని యూదుల ధర్మసంస్థకు రాసివ్వదలచింది. కాగితాలు తెచ్చిన సంస్థ గుమాస్తా నఫ్తాలీ, ఆ ఇంటిని సంస్థ అమ్మేస్తుందని చెప్పాడు.

"కొన్నవాడు బాల్కనీకి కప్పు వేసేస్తేనో?" అని ఆమె అడిగింది.

యూదులు సుక్కోత్ పండుగ రోజుల్లో ఆకాశం కనిపించే ఆకుల పందిరి కిందే భోజనం చేయాలి. అటువంటి చోటు లేని ఆరు కుటుంబాలు ఏటా ఆమె బాల్కనీలో వేసిన పందిరి కిందే వంతులవారీగా తినేవి.

"కొన్నాక వాళ్లిష్టం, పెద్దమ్మా. మనమేం చెప్తాం?"

"అయితే అమ్మకండి నాయనా, అద్దెకివ్వండి."

"అద్దెకుండేవాళ్లు పండక్కొచ్చేవాళ్లని రానివ్వకపోతే?"

"రానిచ్చేవాళ్లకే ఇవ్వండి. మా ఆడపడుచునే ముప్పై పండుగలు రానిచ్చాను, వాళ్లకేం కష్టం?"

సంస్థ అంగీకరించి ఆ షరతును పత్రంలో చేర్చాకే ఆమె సంతకం చేసింది. ఆ ఏడాది పందిరి కింద ఏడో వంతు నఫ్తాలీ కుటుంబానిది.