నీళ్ళ మీద క్వార్టరులో దసరా

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో బాయిలర్లు బాగుచేసుకునే నన్ను ఒకసారి విశాఖపట్నం పంపించారు. అక్కడ మా రైల్వే కంపెనీవాళ్ళే రేవు తవ్విస్తున్నారు. తవ్వే ఓడ, అంటే డ్రెడ్జరు, దాని బాయిలరు మాటిమాటికీ మొరాయిస్తోందట. మా ఫోర్‌మన్ దొర నావైపు వేలు చూపించాడు. నా పనితనం చూసే అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగాను. మిగతావాళ్ళంతా అంతకుముందే రామన్నారని తరవాత తెలిసింది.

ఉండడానికి క్వార్టరు ఏదని అడిగితే ఆ ఓడనే చూపించారు. బాయిలరు పక్కన ఒక గది. తలుపు వేస్తే ఉడికిపోవాలి, తీస్తే రేవు బురద వాసన. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కనక, వేసవిలో అర్పా నదిలో మోకాలి లోతు నీళ్ళే నాకు తెలిసిన సముద్రం. అక్కడ సదర్ బజారులో సేట్లు మమ్మల్ని మద్రాసీలనేవారు. తాతల నాటి సొంత దేశానికి వచ్చానని మురిసిపోతూ రైలు దిగానా, నా మొదటి మాట వినగానే జట్కావాడు, "ఏటి బాబూ, హిందీ దేశపోళ్ళా?" అన్నాడు.

దసరా వచ్చింది. ఓడ జనమంతా ఇళ్ళకి పోయారు. బిలాస్‌పూర్ షెడ్డులో అయితే ఆ రోజు ఇంజన్లకు బంతిపూల దండలు వేసి పెళ్ళికొడుకుల్లా నిలబెడతాం. నా బాయిలరుకు మాత్రం ఆ ముచ్చట ఎందుకుండకూడదని, వాల్తేరుకు బదిలీ అయివచ్చిన ఇద్దరు పాత మిత్రుల్ని పిలిచాను. ఒకరు గార్డు, ఒకరు డ్రైవరు. బిలాస్‌పూర్‌లో ముగ్గురం ఒకే క్వార్టర్ల వరసలో ఉండేవాళ్ళం. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అదంతా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వేసిన నాటకానికి ముందు మాట. రాజు వేషం తనకేనని డ్రైవరు మీసాలు పెంచాడు. చివరికి కిరీటం గార్డుకి దక్కింది, డ్రైవరుకి ద్వారపాలకుడి బల్లెం దక్కింది. అప్పటినుంచి ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒక రాజ్యం కోసం ఇంతకంటే చిన్న యుద్ధాలు జరిగి ఉంటాయి.

ఒకరు వస్తున్నట్టు రెండోవారికి చెప్పలేదు. డ్రైవరు భార్య పులిహోర, గారెల గిన్నెలతో ముందు ఎక్కింది, వెనక డ్రైవరు. డెక్కు మీద అప్పటికే కొత్త పంచెలో గార్డు కూర్చుని ఉన్నాడు.

డ్రైవరు ఆకాశం వైపు చూస్తూ భార్యతో అన్నాడు. "ఆ కూచున్నాయన్ని కాస్త జరగమను."

"అన్నయ్యా, కాస్త జరగమంటన్నారు," అందావిడ.

"రాజుగోరు సింహాసనం దిగరని చెప్పమ్మా," అన్నాడు గార్డు.

పండగ అంత కళకళలాడుతూ మొదలైంది. నేను బాయిలరుకు బొట్టు పెడుతుండగా డెక్కు మీంచి 'ఫట్'మని చప్పుడు. ఒడ్డుకు కట్టిన తాడు తెగింది. కొత్తది కావాలని ఓడవాళ్ళు అడుగుతూనే ఉన్నారట. పాతది తెగేదాకా పైవాళ్ళు దాన్ని కొత్తదిగానే చూసుకున్నారు. పోటు నీటికి ఓడ ఒక పక్కకి తిరిగింది. దిగడానికి వేసిన పలక బుడుంగున నీళ్ళలో పడింది.

"తెగిపోనాది! ఒరే, తాడు తెగిపోనాది!" అని డ్రైవరు కేక. వెంటనే నావైపు తిరిగి, "దీనికి బ్రేకెక్కడున్నాది?" అన్నాడు. నెలల తరబడి అదే ఓడ మీద కాపరం చేస్తున్న నాకు బాయిలరు, దాని పక్క గది తప్ప ఇంకేమీ తెలియదన్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

గార్డు అలవాటుగా జేబులోంచి విజిలు తీశాడు.

"ఊదు బావా, గట్టిగా ఊదు!" అన్నాడు డ్రైవరు.

గార్డు ఊదాడు. డ్రైవరు తన ఎర్ర కండువా విప్పి ప్రమాదం జెండాలా ఊపాడు. దూరంగా పడవలో పోతున్న జాలరి ఒకాయన అది చూసి, పండగ సంబరం కాబోలనుకుని, నవ్వుతూ తనూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

"ఇంజను తోలీవోడివి, దీన్నాపలేవేటి?" అన్నాడు గార్డు.

"అచ్ఛా! కిరీటం పెట్టుకున్నావు గదా, నువ్వే ఆజ్ఞాపించు!"

ఇంకేముంది, కిరీటం, మీసాలు, బల్లెం, నాటకం చూడ్డానికొచ్చిన దొరసాని డ్రైవరు మీసాలు చూసి నవ్వడం, అన్నీ బయటికొచ్చాయి. ఓడ ఎటు పోతోందో ఇద్దరికీ పట్టలేదు. నిజానికి అది ఎటూ పోలేదు. కొంచెం తిరిగి, వెనకవైపు ఒడ్డుకు కట్టిన రెండో తాడు బిగుసుకుని, బద్ధకంగా ఆగిపోయింది. అది గమనించింది డ్రైవరు భార్య ఒక్కతే. ఆవిడ తాపీగా ఆకులు వేసి పులిహోర వడ్డించింది.

"ఆగిపోనాది. మీరూ ఆగి తినండి. మరిదీ, నువ్వూ రా," అని నన్నూ పిలిచింది.

పలక వేసేవాడు వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి ఒకే ఆకులోంచి బావలిద్దరూ కలిసి గారెలు తింటూ, నాకు ఓడ నడపడం చేతకాదని ఏకాభిప్రాయానికి వచ్చారు. చాలా ఏళ్ళ తరవాత వాళ్ళు ఒప్పుకున్న మొదటి సంగతి అదే. దిగేటప్పుడు గార్డు చెయ్యి పట్టుకుని డ్రైవరు జాగ్రత్తగా దించాడు. మిగిలిన గారె నోట్లో వేసుకుని నేను బాయిలరు దగ్గరికి పోయాను.

ఆ తరవాతి ఆదివారం ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళారట. నన్ను పిలవలేదు.