మస్కట్ మిషన్‌లో పదహారు

కరోనా రావడానికి ముందు ఏడాది, ఎండలు ముదురుతున్న రోజులు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో నేను ఆశా కార్యకర్తను. ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం కనుక్కోవడం నా పని. ఏడో తరగతితోనే బడి మానేశాను కానీ, ఎవరికి బీపీ ఎంతో, ఎవరికి షుగర్ ఎంతో కాగితం చూడకుండా చెప్పగలను. ఊరివాళ్లు నా మాట నమ్మేది అందుకే. ఆ నమ్మకమే ఒకసారి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

లసుమక్క బీడీలు చుడుతుంది. నాకు వరసకు అక్క. షుగర్ మాత్రలు వేసుకునేది. నెలనెలా నేనే ఆమె వేలికి సూది గుచ్చి చూసేదాన్ని. నూట నలభై, నూట యాభై దగ్గర ఆడేది. ఆమె భర్త మల్లేశం చాలా ఏళ్లు మస్కట్‌లో పనిచేసి, ఆ ఏడాది పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. వస్తూ వస్తూ గ్లూకోమీటర్ తెచ్చాడు. రక్తపు చుక్క పెడితే షుగర్ ఎంతుందో అంకె చూపించే చిన్న మిషన్ అది.

"ఇగ నీ గుచ్చుడు బంద్ మరదలా, మాకు మస్కట్ మిషనుంది" అన్నాడు. నేనూ సరేననుకుని రెండు నెలలు ఆ గడప తొక్కలేదు.

మూడో నెల పోయి చూస్తే లసుమక్క గుర్తుపట్టలేనట్టు ఉంది. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. ఒళ్లో చేట పెట్టుకుని బీడీకి దారం చుట్టబోయి, కనబడక మాటిమాటికీ కళ్లు నులుముకుంటోంది. ఎడమ కాలి చిటికెన వేలికి గుడ్డ కట్టి ఉంది.

"ఏందక్కా, గిట్లయినవ్?"

"ఏమో సుశీలా. నీళ్లు తాగుడు, బయటికి పోవుడు, గిదే పనయింది. ఏలి పుండు నెలయితుంది, మానుతలే."

"మాత్రలు ఏసుకుంటున్నవా?"

ఆమె వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ బావ బంద్ జేసిండు. పొద్దుగాలొకసారి, మాపటికొకసారి చక్కెర షర్బత్ తనే కలిపిస్తుండు. తాగేదాక ఆడనే నిలవడ్తడు."

గూట్లో చూశాను. మాత్రల పట్టీలు చింపకుండా అలాగే ఉన్నాయి. మల్లేశానికి మస్కట్‌లో ఇంకో సంసారం ఉందని ఊళ్లో ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. నేనెప్పుడూ ఆ మాట చెవిన పెట్టలేదు. ఆ రోజు మాత్రం అది లోపల తొలచడం మొదలుపెట్టింది. షుగర్ ఉన్న పెళ్లానికి మాత్రలు ఆపి, దగ్గరుండి చక్కెర నీళ్లు తాగించే మొగుడు ఏం కోరుతున్నట్టు?

సంచిలోంచి నా మిషన్ తీసి వేలు గుచ్చాను. రెండు వందల తొంభై ఎనిమిది. అదే సమయానికి మల్లేశం లోపలికి వచ్చాడు.

"మూడొందలకు దగ్గరుంది బావా. మాత్రలు ఎందుకు ఆపినవ్?"

ఆయన నా మిషన్ వైపు ఎగాదిగా చూశాడు. "గీ సర్కారు డబ్బా మాటనా? పొద్దుగాలనే నా మిషన్ల జూసిన, పదారుంది. పదారును మూడొందలంటున్నవంటే, ఏ దవాఖానకు తోలాల్నని జూస్తున్నవ్? ఆడ నీకేమన్న ముడుతదా?"

నా అనుమానం ఆయన మీద, ఆయన అనుమానం నా మీద. లసుమక్క చేట పక్కన పెట్టి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"పదారే ఉంటే మనిషి కూసోని బీడీలు చుడుతదా? సోయి దప్పి పడిపోతది. తే నీ మిషన్. రెండిట్ల ఒకటే చుక్క వెడదాం" అన్నాను.

పెట్టాం. నా దాంట్లో 296, ఆయన దాంట్లో 16.4. మిషన్ చెడిపోయిందనుకుని నా వేలే గుచ్చుకున్నాను. నా దాంట్లో 102, ఆయన దాంట్లో 5.6.

"అయిదేనా! ఓ పిల్లా, సచ్చిపోయి మాట్లాడుతున్నవా?" అంది లసుమక్క. అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

అప్పుడు కనబడ్డాయి, అంకెల కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు. నా దాంట్లో మొదట ఎం, జీ. ఆయన దాంట్లో వరసగా రెండు ఎంలు. రెండింటినీ ఫోటో తీసి మా దవాఖాన ల్యాబ్ టెక్నీషియన్‌కు పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"అక్కా, రెండు మిషన్లు మంచిగనే ఉన్నయి. మనది మిల్లీగ్రాములు. వంద ఎంఎల్ రక్తంల చక్కెర ఎంత తూగుతదో చెప్తది. మస్కట్‌ది మిల్లీమోల్. లీటర్ రక్తంల చక్కెర కణాలెన్నో ఆ లెక్కల చెప్తది. మీకాడ తంబాకును తూస్తరు, బీడీలను ఎంచుతరు గద. తంబాకు అదే, చెప్పే తీరే వేరు. వాళ్ల అంకెను పద్దెనిమిదితోని గుణిస్తే మనదొస్తది."

మల్లేశం ఫోన్‌లో తనే లెక్క కొట్టాడు. 295 వచ్చింది. మళ్లీ కొట్టాడు, అంతే వచ్చింది. తన మిషన్ తీసుకుని ఆ అక్షరాలను దగ్గరగా చూశాడు.

"మొదలు ఎనిమిదుండె" అన్నాడు మెల్లగా. "షర్బత్ తాగియ్యంగ తాగియ్యంగ పదారుకొచ్చింది. పెరుగుతుందని సంబురపడ్డ. డెబ్బైకి రావాలె గదా అని ఇంకింత చక్కెర ఏస్తున్న."

"డెబ్బై అని నీకెవలు చెప్పిండ్రు?"

ఆయన తలెత్తాడు. "నువ్వే సుశీలా. నేనొచ్చిన కొత్తల బస్టాండుకాడ అడిగిన. డెబ్బై కన్న తక్కువుంటే మాత్ర బంద్ జేసి, ఎంటనే చక్కెర నీళ్లు తాగియ్యాలె అన్నవ్."

అన్నాను. ఊరందరి అంకెలూ నోటికి వచ్చే నాకు ఆ ఒక్క మాట గుర్తులేదు. బస్సు ఎక్కే తొందరలో, డాక్టరుకు చూపించాలని కూడా చెప్పకుండా అన్న మాట. ఏ కొలతలో డెబ్బై అనేది నేను చెప్పలేదు. కొలతలు రెండుంటాయని నాకే తెలియదు మరి.

ఆ పూటే ఆటోలో లసుమక్కను జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఇన్సులిన్ మొదలుపెట్టారు. చిటికెన వేలు తీసేశారు, పాదం దక్కింది. చూపు మెల్లగా తేరుకుంది. దవాఖానలో ఉన్నన్ని రోజులూ మల్లేశం ఆమె మంచం పక్క నుంచి కదలలేదు.

గల్ఫ్ నుంచి ఏ ఇంటికి మిషన్ వచ్చిందని విన్నా ఇప్పుడు నేనే వెతుక్కుంటూ పోతాను. ముందు అక్షరాలు చదివి, రెండు ఎంలుంటే మిషన్ వీపు మీద చీటీ అంటించి, పద్దెనిమిదితో గుణించాలని తెలుగులో రాసి వస్తాను. పక్కన కొలత పేరు లేకుండా నా పుస్తకంలో ఒక్క అంకె కూడా రాయను.

మల్లేశం ఇప్పటికీ నేను ఏ అంకె చెప్పినా "ఏ లెక్కల మరదలా?" అని నిలదీస్తాడు. నిలదీయనీ, మంచిదే. ఆ రోజు గూడు ముందు నిలబడి ఆయన గురించి నేనేం అనుకున్నానో మాత్రం ఇంతవరకూ ఆయనకు చెప్పలేకపోయాను.