చలపతిరావుగారి మూడు రంపపు గొలుసులు

మా చలపతిరావుగారు మూడింటిని పోల్చి చూడకుండా ఒక్కదానిని కొన్నట్లు నేనెరుగను. కరివేపాకు రెబ్బయినా, కాలి జోడయినా సరే, మూడు దుకాణాలలో విచారించి, తెల్ల కాగితం మీద నిలువు గీతలు గీసి, మన్నిక, పదును, గిట్టుబాటు అనే మూడు గళ్ళు నింపిన తరువాతనే జేబులోని చెయ్యి వెలుపలికి వచ్చేది. కరివేపాకుకు పదునేమిటండీ అని ఒకసారి అడిగాను. "వాసనండీ మాస్టారూ! ముక్కుకు తగిలే పదును" అన్నారు. ముప్పై నాలుగేండ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాడిని, ఆ ప్రయోగానికి తలవంచాను.

ఈ అలవాటుకు పుట్టినిల్లు ఎర్రమంజిల్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయం. అక్కడ సామగ్రి కొనుగోలు విభాగంలో ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశారు. గుండుసూదుల డబ్బా కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండి తీరాలని అక్కడి నిబంధన. ఉద్యోగం ఆయనను వదిలిపెట్టింది గాని, ఆ నిబంధనను ఆయన వదిలిపెట్టలేదు. పంజగుట్టలో మా పక్క వాటాలోనే వారి కాపురం కాబట్టి ఈ వైభవమంతా కళ్ళారా చూసే భాగ్యం నాకు కలిగింది.

ఆయన ధర్మపత్ని కమలకుమారిగారు ఒకనాడు నాతో చెప్పుకున్నారు. "నన్ను కూడా అలాగే చేసుకున్నారు అన్నయ్యగారూ. మూడు సంబంధాలు చూసి పట్టిక వేశారు. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. మన్నికలో నేనే మొదట. పదునులోనూ నేనే మొదట."

"మరి గిట్టుబాటో?"

"ఆ గడిలో 'పరిశీలనలో ఉన్నది' అని రాసి ఉంది. ముప్పై ఆరేళ్ళయింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు."

ఎడమ చేతికి మూడు గడియారాలు కట్టుకుని తిరిగే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. ఎవరైనా వేళ అడిగితే మూడూ చూసి, నడిమిది చెప్పేవారు. ఒకసారి జ్వరం వస్తే మూడు థర్మామీటర్లు తెప్పించి, వాటిలో ఏది నిజం చెబుతున్నదో తేల్చే పనిలో పడ్డారు. తేలేలోపల జ్వరమే విసుగెత్తి వెళ్ళిపోయింది.

ఇక రంపం సంగతి. అది రెండువేల అయిదవ సంవత్సరం. అమీర్‌పేటలో గోడ కనబడకుండా సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాల బోర్డులు, బోర్డులు కనబడకుండా చెట్ల కొమ్మలు. 'జావా నేర్పబడును' అన్న అక్షరాలకు వేపకొమ్మ అడ్డం వస్తే ఆ కేంద్రం వారికి కంటి మీద కునుకుండేది కాదు. ఆ కొమ్మలు కొట్టించే గుత్త పని నరేశ్ అనే యువకుడిది. మోటారు రంపం పట్టుకుని చెట్టెక్కేవాడు సాయిలు. వయసు యాభై అయిదు దాటినా, చిటారు కొమ్మ మీద నిలబడి, మైత్రీవనం మలుపు తిరుగుతున్న బస్సు నంబరు చదివి కింద ఉన్నవాళ్ళకు చెప్పేవాడు. అతడు చెట్టెక్కితే చూడడానికి జనం ఆగేవారు. వారిలో నేనూ ఒకణ్ణి.

ఒకనాడు అతడు కోసిన కొమ్మ నిలువుగా దిగవలసింది పోయి, కోత వంకర తిరిగి, ఒక శిక్షణ కేంద్రం బోర్డులో సగాన్ని తనతో తీసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని నరేశ్ ముఖం మాడిపోయింది.

"సాయిలన్న, ఇంకోపారి గిట్లయితే వేరే మనిషిని చూస్కుంట. ఏమనుకోకు. నా ఆర్డర్లు పోతయ్."

"చైన్ మంచిగ లేదు అన్న. నేనేం జేస్త?" అన్నాడు సాయిలు, తల వంచుకుని.

గొడుగు ధర మూడవ దుకాణంలో విచారించి అటుగా వస్తున్న చలపతిరావుగారికి ఆ మాట చెవిన పడింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన రంపాన్ని చేతిలోకి తీసుకుని, గొలుసు పళ్ళను ఒక్కొక్కటే వేలితో తడిమారు. తరువాత సాయిలు ముఖంలోకి చాలాసేపు చూశారు. ఆ చూపు ఎందుకో నాకప్పుడు బోధపడలేదు.

"తప్పు గొలుసుదే!" అని తీర్పు చెప్పారు. "మూడు రకాలు పోల్చి చూడకుండా కొంటే ఇంతే. నరేశ్ గారూ, గొలుసులు నేను తెస్తాను. పరీక్ష నేను చేస్తాను. పని సాయిలు చేస్తాడు. ఏది మేలో తేలేదాకా మనిషిని మార్చడానికి వీల్లేదు. మారిస్తే లెక్క చెడిపోతుంది."

"మీ ఇష్టం సార్. నాకు పని నడిస్తె చాలు" అన్నాడు నరేశ్, ఈ పెద్దమనిషి ఎవరో తెలియకనే.

రెండు రోజులలో మూడు గొలుసులు వచ్చాయి. కంపెనీ పేరు కనబడితే మనసు పక్షపాతానికి లోనవుతుందని, పేర్లు తెలియనీయకుండా ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి ఆకుపచ్చ రంగు పూసి, 'అ', 'ఆ', 'ఇ' అని నామకరణం చేశారు. దస్తూరి బాగుంటుందని నన్ను లేఖకుడిగా నియమించారు. జీతం కాఫీ.

ఆ పరీక్షా విధానాన్ని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పెరట్లో ఒకే లావు తుమ్మ దుంగలు వరుసగా పేర్చారు. నాలుగు రోజులకొకసారి సాయిలు పని ముగించుకుని వచ్చి, తరువాత వాడబోయే గొలుసుతో ఒక దుంగను మూడు కోతలు కోసేవాడు. చలపతిరావుగారు మూడు గడియారాలలో కాలం చూసి, నడిమిది నాకు చెప్పేవారు. పదునైన గొలుసు కోస్తే పొట్టు అటుకుల్లా రాలుతుంది, మొండిదైతే ముగ్గుపిండిలా రాలుతుంది. ఆ పొట్టును సైతం సీసాలలో పోసి, తేదీ వేసి, వంటింటి అటక మీద దాచారు.

"అన్నయ్యగారూ, నిన్న ఉప్మాలో ఏం వేశానో నాకే తెలీదు" అన్నారు కమలకుమారిగారు. "ఏ సీసా తీసినా తుమ్మ పొట్టే."

"ఉప్మా బాగానే ఉందే?" అన్నారు చలపతిరావుగారు.

"అదే నా భయం!"

సాయిలు వాడిన గొలుసు ఇచ్చేసి, మరొక గొలుసు బిగించుకుని వెళ్ళేవాడు. ఈ మార్పిడి మూడు నెలలు నడిచింది. ఆ మూడు నెలలలో అమీర్‌పేటలో ఒక్క కొమ్మ కూడా వంకరగా దిగలేదు. నరేశ్ నోట వేరే మనిషి ప్రస్తావన రాలేదు. కాని నా పుస్తకంలో ఒక విచిత్రం బయటపడింది. 'ఆ' గొలుసు కొత్తలో దుంగను ఇరవై రెండు సెకన్లలో కోసింది. రెండు వందల కోతల తరువాత పంతొమ్మిది సెకన్లలో కోసింది! తక్కిన రెండింటి వరుస కూడా అంతే.

"చలపతిరావుగారూ, వాడేకొద్దీ పదునెక్కే ఇనుము లోకంలో ఉంటుందా?"

"కొన్నిటి స్వభావం అంతేనండీ మాస్టారూ. మా ఆవిడ మాట చూడండి."

"వినబడింది!" అన్నది వంటిల్లు.

నేను ఆశ్చర్యపోతూనే ఆ అంకెలు రాసుకున్నాను. ఆయన వేళ్ళకు అప్పుడు ఎప్పుడూ పట్టీలు ఉండేవి. ఏమైందని అడిగితే, మూడు వేళ్ళకూ మూడు కంపెనీల పట్టీలు వేశాననీ, ఏది ఎక్కువ రోజులు అంటుకుని ఉంటుందో చూస్తున్నాననీ చెప్పారు. అది కూడా నమ్మాను. ఆ మనిషి విషయంలో నమ్మకపోవడానికి కారణం ఏముంటుంది?

ఒక ఉదయం అమీర్‌పేటలో కొత్త శిక్షణ కేంద్రం ప్రారంభం. బోర్డుకు అడ్డంగా వేపకొమ్మ. 'టెస్టింగ్ టూల్స్, నలభై రోజులలో' అని బోర్డు. "నలభై రోజులా? ఏం సరిపోతాయండీ!" అని చలపతిరావుగారు నొచ్చుకున్నారు. సాయిలు చెట్టెక్కి 'ఆ' గొలుసుతో మొదలుపెట్టాడు. ఆ చెట్టుకు ఎన్ని కేంద్రాలవారు ఎన్నేండ్లుగా బ్యానర్లు కట్టారో, బెరడు లోపల మేకులు మేకులుగా ఉన్నాయి. రంపం కీచుమని అరిచి ఆగిపోయింది. దిగి 'ఇ' గొలుసు బిగించుకుని మళ్ళీ ఎక్కాడు. పది నిమిషాలలో దానికి మరొక మేకు తగిలింది. 'అ' గొలుసు చలపతిరావుగారి ఇంట్లో ఉండిపోయింది.

"సాయిలన్న, ఫైలు తీస్కో. ఈడనే సాన వెట్టు. ఇంకో గంటల ఓపెనింగ్ ఉంది" అన్నాడు నరేశ్.

సాయిలు కాలిబాట మీద చతికిలబడి, ఆకురాయి చేతబట్టి, గొలుసును కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. తరువాత దూరం జరిపాడు. ఇంకా జరిపాడు. చెయ్యి మరొక జానెడు పొడుగుంటే బాగుండునన్నట్లు సాచి పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక పంటి మీద ఆకురాయి ఆనించబోతే అది పక్క పంటి మీద పడింది. మలుపు తిరిగే బస్సు నంబరు చదివే కళ్ళకు చేతిలోని పన్ను కనబడడం లేదు! పళ్ళ సాన ఎగుడుదిగుడై మూడు నెలల కిందట తిరిగిన వంకర కోత, చలపతిరావుగారి ఆ చూపు, వేళ్ళ పట్టీలు అన్నీ నాకు ఒక్క క్షణంలో అర్థమయ్యాయి.

నరేశ్ వంగి చూశాడు. "ఏమైంది అన్న? కనబడ్తలేదా?"

ఆకురాయి పట్టిన సాయిలు చెయ్యి ఆగిపోయింది.

"ఆగండి!" అన్నారు చలపతిరావుగారు, కార్యాలయం నాటి కంఠస్వరంతో. "నరేశ్ గారూ, ఇప్పుడు జరగవలసింది నా పరీక్షలో తరువాతి అంశం. రంపం పొట్టు కళ్ళలో పడకుండా అద్దాలు. మూడు రకాలు తెచ్చాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న పనివాడు ఒక్కొక్కటీ పెట్టుకుని, మూడేసి పళ్ళు సాన పెట్టి, నాకు నివేదిక ఇవ్వాలి."

"గిప్పుడా సార్?"

"చెట్టు మీద పొట్టు లేచేది ఇప్పుడే కదండీ!"

సంచిలోంచి మూడు జతల కళ్ళద్దాలు బయటికి వచ్చాయి. నా ముక్కు మీద ఉన్నవీ ఆ జాతివే కాబట్టి నేను వెంటనే గుర్తుపట్టాను. అవి పొట్టును ఆపేవి కావు, అక్షరాలు చదివించేవి. సాయిలు మొదటి జత పెట్టుకున్నాడు.

"ఎట్లా ఉంది?"

"మస్క మస్క ఉంది సార్."

"రాసుకోండి మాస్టారూ. ఒకటవది, పదును తక్కువ."

రెండవది పెట్టుకుని తల విదిలించాడు. "గిది పెట్టుకుంటె భూమి తిరుగుతుంది సార్."

"రెండవది, పదును మరీ ఎక్కువ."

మూడవది పెట్టుకుని సాయిలు గొలుసు వంక చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఏమయ్యా, నివేదిక?"

"పన్నుకు పన్ను కనబడ్తుంది సార్" అన్నాడు మెల్లగా. "పంటి మీద గీత సుత కనబడ్తుంది."

ఇక ఆ చేతులు ఆగలేదు. ముప్పై ఆరు పళ్ళు, ఎడమవీ కుడివీ సమానంగా, పావుగంటలో సాన పట్టాడు. వీణ శ్రుతి చేసేవాణ్ణి చూస్తున్నట్లు జనం చుట్టూ మూగారు. మళ్ళీ చెట్టెక్కాడు. పొట్టు అటుకుల్లా రాలింది. కొమ్మ గీత గీసినట్లు తెగి, తాడుకు వేలాడుతూ, బోర్డును తాకకుండా సాధువులా నేలకు దిగింది.

నరేశ్‌కు మతిపోయింది. "సార్, గీ అద్దాలు ఏడ దొర్కుతయ్? మా వాళ్ళందరికి సుత ఇప్పిస్త!"

చలపతిరావుగారికి జీవితంలో తొలిసారి ముచ్చెమటలు పోయడం చూశాను. "అవి... వాటికి ముందు మూడు కొటేషన్లు తేవాలండీ" అన్నారు. అన్నమాట ప్రకారం ఆ వారంలోనే తెచ్చారు. నరేశ్ మనుషులందరికీ సాదా అద్దాలు వచ్చాయి. అందరి ముక్కుల మీదా అద్దాలే కాబట్టి, సాయిలు అద్దాల మర్మం ఎవరికీ పట్టలేదు.

ఆనాడు చెట్టు దిగి సాయిలు ఆయన దగ్గరికి వచ్చాడు. మూడు వేళ్ళ పట్టీల వంక చూసి, "సార్, ఇగ మీరు ఏళ్ళకు పట్టీలు ఏస్కునుడు బంద్ జేయుండ్రి. నా చైన్ నేనే చూస్కుంట" అని రంపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను పుస్తకం తీసుకుని వారింటికి వెళ్ళాను. "అంతా అర్థమైందండీ. చూపు తగ్గిన సంగతి అతడికే చెప్పి ఉండవచ్చు కదా?"

"నరేశ్ చెవిన పడితే మర్నాడే కొత్త మనిషి వచ్చేవాడు మాస్టారూ. పైగా ఇరవై ఏళ్ళుగా గొలుసు సాన పడుతున్నవాడికి నీకు చేతకావడం లేదని నేనెట్లా చెప్పను?"

"సరే. పరీక్ష ఫలితం చెప్పండి, రాస్తాను. మూడింటిలో ఏ గొలుసు మేలు?"

ఆయన మంచం కిందినుంచి ఒక డబ్బా లాగారు. అందులో రంపపు గొలుసు చుట్ట, మూరెడు మిగిలి ఉంది. రంగు లేదు.

"మూడూ దీనిలోంచి కోయించిన ముక్కలేనండీ. ఒకటి రంపం మీద ఉండాలి, ఒకటి నా దగ్గర సాన పట్టడానికి ఉండాలి, ఒకటి సిద్ధంగా ఉండాలి. అందుకని మూడు."

నేను కలం కింద పెట్టాను. "మరి మిగతా రెండు దుకాణాల కొటేషన్లు?"

ఆయన వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించారు. "తీసుకోలేదండీ. మర్నాడు సాయిలుకు పని ఉంది. రాణిగంజ్‌లో తెరిచి ఉన్న మొదటి దుకాణంలో, చెప్పిన ధరకు కొనేశాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో చెయ్యని పని. ఎవరితోనూ అనకండి."

ఆకాశం విరిగిపడినా నేనింత విస్తుపోయేవాణ్ణి కాదు. ఇంతలో కాఫీ గ్లాసులతో కమలకుమారిగారు వచ్చారు. అంతా విన్నారని ముఖమే చెబుతోంది.

"అన్నయ్యగారూ, నేను కూడా ఈయన మీద ఒక పట్టిక వేసుకున్నాను. మన్నిక ఉంది. పదును ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న గిట్టుబాటు గడి ఇవాళ నింపాను."

చలపతిరావుగారు కాఫీ గ్లాసు అందుకుంటూ ఆగిపోయారు. ముఖం నిండా అనుమానం.

"ఆ పట్టికలో మిగతా ఇద్దరూ ఎవరు?" అన్నారు.